పిచికారీ ముగిశాక కూడా నిలవవలసిన బోర్డు: బెంగళూరు సర్వీస్ రోడ్డులో ఒక కేస్ స్టడీ

స్థలం, పని

బెంగళూరు తూర్పున, అవుటర్ రింగ్ రోడ్డుకూ వర్తూరుకూ మధ్య, కార్యాలయాల ప్రహరీల వెంబడి సాగే ఒక సర్వీస్ రోడ్డు పక్కన కలుపు నివారణ పనిని మా బృందం చేపట్టింది. ఆ పనిలో హెచ్చరిక బోర్డుల పద్ధతిని ఎలా మార్చామో, ఎందుకు మార్చామో ఇక్కడ వివరిస్తున్నాను. నేను పచ్చదనం నిర్వహణ పనుల్లో భద్రతా పర్యవేక్షణ చూస్తాను. మా పనివాళ్లలో ఎక్కువమంది కదిరి, మదనపల్లె, హిందూపురం వైపు నుంచి వచ్చినవారు. ఆ రోడ్డు మీద పూలు, టీ అమ్ముకునేవారిలోనూ, చుట్టుపక్కల ఆవులు మేపుకునేవారిలోనూ తెలుగు మాట్లాడేవారు చాలామందే ఉన్నారు.

రోడ్డు పొడవు మూడు కిలోమీటర్లకు కొంచెం తక్కువ. ప్రహరీకీ ఫుట్‌పాత్‌కీ మధ్య సన్నని మట్టి పట్టీ ఉంటుంది. ఫుట్‌పాత్ రాతిపలకల సందుల్లో కూడా గడ్డి మొలుస్తుంది. పక్కనున్న మోరీలో పడిన వాన నీరు రాజకాలువ అనే పెద్ద వాన నీటి కాలువ ద్వారా చెరువుకు పోతుంది. మే నెల వానలు పడగానే వయ్యారిభామ నడుము ఎత్తున లేస్తుంది. బెంగళూరులో దీన్ని కాంగ్రెస్ గడ్డి అంటారు. దానితో పాటు తుంగ, గరిక, ఉమ్మెత్త ఉంటాయి. వాటి మధ్యనే కూర వండుకునే పొన్నగంటి, గంగవాయిలి, గలిజేరు, అడవి తోటకూర కూడా మొలుస్తాయి. ఈ చివరి మాట సాధారణంగా కలుపు నివారణ అంచనా పత్రాల్లో కనిపించదు గానీ, ఈ కేసుకు అదే కీలకం.

వయ్యారిభామను చేతితో పీకితే చాలామందికి చర్మం దద్దురు లేస్తుంది, పూత సమయంలో తుమ్ములు, ఆయాసం వస్తాయి. ఒక్కో మొక్క వేల కొద్దీ గింజలు రాలుస్తుంది కనుక పూత రాకముందే తీసేయాలి. అందుకే మాకు పని అప్పగించిన యజమాని సంస్థ కలుపు మందు కొట్టించాలని నిర్ణయించింది. మందు గ్లైఫోసేట్. కేంద్ర వ్యవసాయ శాఖ 2022 అక్టోబరులో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం దీన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడాలి కాబట్టి, లైసెన్సు ఉన్న ఆపరేటర్ మనుషులే ట్యాంకు భుజానికెత్తుకోవాలని ఒప్పందంలో రాయించాము. ప్యారాక్వాట్ అనే మరో కలుపు మందును మొదటే పక్కన పెట్టాము. పొరపాటున కడుపులోకి పోతే విరుగుడు లేని మందును జనం తిరిగే రోడ్డు పక్కకు తీసుకురావడం నాకు ఏ విధంగానూ సమ్మతం కాదు.

మేము రాకముందు ఉన్న పద్ధతి

అంతకుముందు ఆ పని చేసిన గుత్తేదారు బృందం రోడ్డు మొదట్లో ఎర్ర అంచు త్రిభుజంలో పార పట్టిన మనిషి బొమ్మ ఉన్న బోర్డు ఒకటి ఆనించి, పనివాళ్లకు రేడియం జాకెట్లు తొడిగి, సాయంత్రానికి బోర్డును ఆటోలో వేసుకుని వెళ్లిపోయేది. కాగితం మీద చూస్తే హెచ్చరిక బోర్డు ఉంది, జాకెట్లు ఉన్నాయి, తనిఖీలో అన్ని గళ్లలోనూ టిక్కులు పడతాయి. అయినా ఆ విడతలో రెండు సంఘటనలు జరిగినట్టు తరువాత మాకు తెలిసింది.

మొదటిది వాహనాలకు సంబంధించినది. దాన్ని కాపలాదారులూ, టీ బండి నడిపే ఆయనా మాకు చెప్పారు. మందు కొడుతున్న మనిషి ప్రహరీ వైపు చూస్తూ ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ ఫుట్‌పాత్ దిగి రోడ్డు మీదికి వచ్చాడు. మలుపు తిరిగి వచ్చిన స్కూటర్ అతన్ని తప్పించబోయి కంకరలో జారింది. బోర్డు అప్పటికి చాలా వెనుక ఉండిపోయింది. స్కూటర్ మధ్యలోని అడ్డరోడ్డు నుంచి వచ్చింది కనుక ఆ బోర్డు దాని దారిలోనే లేదు. దెబ్బలు చిన్నవే.

రెండవది ఎవరూ సంఘటనగా నమోదు చేయలేదు. మా పని మొదలవడానికి ముందు స్థలం చూడడానికి వెళ్లినప్పుడు, ప్రహరీ పక్కన ఒక పెద్దావిడ వంగి పొన్నగంటి కొనలు గిల్లి ప్లాస్టిక్ సంచిలో వేసుకుంటూ కనిపించింది. ఆకు నిగనిగలాడుతూ ఉంది. మా మేస్త్రీ ఆమెను పలకరించాడు.

"ఏమ్మా, ఇక్కడ కలుపు మందు కొడతారు, తెలీదా నీకు?"

"ఎప్పుడు కొడతారో మాకెట్లా తెలుస్తాది నాయనా? పోయినసారి కొట్టినారంట, కోసుకోనిపోయి వండినాక చెప్పినారు. ఆకు చూస్తే బాగానే ఉండె."

ఆకు బాగానే ఉండడమే ఇక్కడి ప్రమాదం. గ్లైఫోసేట్ తగిలిన చోట మాడ్చే మందు కాదు. ఆకు నుంచి వేరు దాకా పాకి మొక్కను లోపలి నుంచి చంపుతుంది. ఏడాదిలోనే బతుకు ముగిసే మొక్కల్లో పసుపు రంగు కనబడడానికి రెండు నుంచి నాలుగు రోజులు, తుంగ, గరిక వంటి వాటిలో వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. తడి ఆరిపోయాక, పసుపు తిరగకముందు, మందు పడిన ఆకుకూ పడని ఆకుకూ కంటికి తేడా ఉండదు. బోర్డు తీసుకుని బృందం వెళ్లిపోయేది సరిగ్గా ఈ వ్యవధి మొదలయ్యేటప్పుడే.

రెండు ప్రమాదాలు, రెండు గడువులు

వాహనచోదకుడికి చెప్పవలసింది ముందు మనుషులు పనిచేస్తున్నారని. ఆ మాట మనుషులు ఉన్నంతసేపే నిజం. నడిచేవారికి, కూర కోసుకునేవారికి, ఆవులు తోలుకొచ్చేవారికి చెప్పవలసింది ఈ ఆకు మీద మందు ఉందని. అది పనివాళ్లు వెళ్లిపోయాక కూడా రోజుల తరబడి నిజం. ఒకే బోర్డుతో ఈ రెండూ చెప్పబోతే ఏదో ఒక సమయంలో అది అబద్ధం చెబుతుంది. సాయంత్రం తీసేస్తే కూర కోసేవారికి హెచ్చరిక ఉండదు. అక్కడే వదిలేస్తే వాహనాలు నడిపేవారు ఖాళీ రోడ్డు మీద ఆ త్రిభుజాన్ని రోజూ చూసి చూసి, నిజంగా మనిషి ఉన్న రోజున కూడా వేగం తగ్గించరు. నగరంలో పని ఎప్పుడో ముగిసినా నెలల తరబడి నిలిచిపోయిన అలాంటి బోర్డులు ఎన్నో ఉన్నాయి, వాటి వల్ల తరువాత వచ్చే ప్రతి పనివాడి ప్రాణానికీ రక్షణ తగ్గుతుందని నేను గట్టిగా నమ్ముతాను.

అందువల్ల బోర్డులను రెండు జట్లుగా విడగొట్టాము. పని బోర్డులు పనితో వచ్చి పనితో పోవాలి. మందు బోర్డులు మొదటి చుక్క పడకముందే నిలబడి, కలుపు కంటికి కనబడేలా పసుపు తిరిగి వాడిపోయేదాకా ఉండాలి. రెండింటి ఆకారం, రంగు, ఎత్తు, బాధ్యులు అన్నీ వేరు. పని బోర్డుల బాధ్యత మేస్త్రీది, మందు బోర్డుల బాధ్యత నాది.

పని బోర్డులు: దూరం, అడ్డరోడ్లు, ఎదురు వచ్చే బండ్లు

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు కదులుతుంది. చూసి, గ్రహించి, బ్రేకు వేసేదాకా రెండున్నర సెకన్లు పడుతుందని మన రోడ్ల రూపకల్పనలో లెక్క, అంటే బ్రేకు పడకముందే 35 మీటర్లు పోతుంది. ఆగడానికి పట్టే దూరం కూడా కలిపితే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల్లో 50 కిలోమీటర్ల వేగానికి 60 మీటర్లు, 60 కిలోమీటర్లకు 80 మీటర్లు అని ఉంటుంది. మనిషికి పది అడుగుల ముందు పెట్టిన బోర్డు ఈ లెక్కలో ఎందుకూ పనికిరాదు. ఈ రోడ్డులో ఎక్కువ బండ్లు 50 లోపే నడుస్తాయని చూసినా, ఉదయం ఖాళీగా ఉన్నప్పుడు వేగం పెరుగుతుంది కనుక మొదటి బోర్డును పని జరిగే చోటికి 80 మీటర్ల ముందు పెట్టాలని నిర్ణయించాము. ఆ తరువాత కోన్లు ఏటవాలుగా పేర్చి, ఫుట్‌పాత్ అంచు వెంట ఒక మీటరు వెడల్పును పనివాళ్లకు కేటాయించాము. వెనక్కి అడుగు వేసినా ఆ మీటరు లోపలే ఉంటారు.

పని ఒకచోట ఆగి ఉండేది కాకపోవడం ఇందులో అసలు చిక్కు. రోడ్డు తవ్వేవారు ఒకచోటనే ఉంటారు. మందు కొట్టేవారు నడుస్తూనే ఉంటారు, అరగంటలో బోర్డుకు చాలా దూరం వెళ్లిపోతారు. అందుకని రోడ్డును 200 మీటర్ల ముక్కలుగా విభజించి, ముక్క పూర్తికాగానే ట్యాంకు దించి, బోర్డులూ కోన్లూ ముందుకు జరిపాకే తరువాతి ముక్క మొదలుపెట్టాలని నియమం పెట్టాము. ట్యాంకు నింపుకునే సమయమూ దాదాపు అక్కడే వస్తుంది కనుక పనివాళ్లకు ఇది అదనపు ఆలస్యంగా అనిపించలేదు. బోర్డులు జరపడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టాము. అతని చేతికి వేరే ఏ పనీ ఇవ్వకూడదు. ఇస్తే మొదట ఆగిపోయేది బోర్డు జరపడమే.

ఆ రోడ్డులోకి తెరుచుకునే ప్రతి అడ్డరోడ్డు మొదట్లోనూ ఒక చిన్న త్రిభుజం పెట్టాము. అలాగే ప్రతి ముక్కకు రెండు చివరలా బోర్డు పెట్టాము. నియమం ప్రకారం అది ఒకవైపు రోడ్డే అయినా, యూ టర్నుకు చాలా దూరం పోవలసి రావడంతో డెలివరీ బండ్లూ స్కూటర్లూ ఎదురుగా వస్తూనే ఉంటాయి. వారు రాకూడదన్నది నిజమే, కానీ మా మనిషికి తగిలే దెబ్బ ఏ వైపు బండి నుంచి వచ్చినా ఒకటే.

ఆగి ఉన్న కార్ల వెనుక, మోకాటి ఎత్తున పెట్టిన బోర్డు ఎవరికీ కనబడదు. మూడు కాళ్ల స్టాండు మీద, బోర్డు అడుగు భాగం కారు బానెట్ కంటే పైన ఉండేలా పెట్టించి, గాలికి పడకుండా కింద ఇసుక సంచి వేలాడదీశాము. రాయి వాడలేదు, ఎందుకంటే బండి తగిలినప్పుడు రాయి రోడ్డు మీద దొర్లితే అదే మరో ప్రమాదం అవుతుంది.

మందు బోర్డులు: పుర్రె బొమ్మ ఎందుకు పనికిరాలేదు

మందు డబ్బా మీద ఉండే రంగు త్రిభుజం గురించి ఈ రంగంలో ఉన్నవారికి తెలుసు. 1971 నాటి పురుగుమందుల నియమాల ప్రకారం విషతీవ్రతను బట్టి ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు ఉంటాయి. అది డబ్బా మూత తీసేవాడికి ఉద్దేశించినది. దారిన పోయే మనిషి డబ్బాను చూడడు, చూసినా ఆకుపచ్చ త్రిభుజాన్ని భద్రతకు గుర్తు అనుకునే అవకాశమే ఎక్కువ. కనుక ఆ గుర్తును బోర్డు మీదికి ఎక్కించలేదు.

మొదట ఎవరైనా చేసేదే మేమూ ఆలోచించి పుర్రె, అడ్డ ఎముకల బొమ్మతో నమూనా గీయించాము. దాన్ని తయారీకి ఇచ్చేముందు పూల అమ్మాయికి, కాపలాదారులకు, ఆవులు తోలే ఒకాయనకు, బస్సు కోసం నిలబడినవారికి చూపించి, ఏమర్థమయిందో చెప్పమని మాత్రమే అడిగాము. ఎక్కువమంది "కరెంటు" అన్నారు. అందులో ఆశ్చర్యం లేదు. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెల మీద, విద్యుత్ స్తంభాల మీద చిన్నప్పటి నుంచి చూస్తున్న బొమ్మ అది. ఆవులాయన ఇంకో మాట అన్నాడు: "తీగ ముట్టుకోకపోతే సాలు గదా సార్, గడ్డి మేస్తే ఏమయితాది?" ఆ మాటతో పుర్రెను తీసేశాము.

తరువాత గీయించిన బొమ్మలు మూడు: వీపున ట్యాంకుతో మందు కొడుతున్న మనిషి, ఆకు గిల్లుతున్న చెయ్యి మీద ఎర్ర అడ్డగీత, మేస్తున్న ఆవు మీద ఎర్ర అడ్డగీత. ట్యాంకు మనిషిని చూడగానే పల్లెతో సంబంధం ఉన్న ప్రతి ఒక్కరూ "మందు కొట్టినారు" అని వెంటనే చెప్పారు. బొమ్మల కింద పెద్ద అక్షరాలతో కన్నడం, దాని కింద తెలుగు, తమిళం, ఇంగ్లీషు ఒక్కో పంక్తి రాయించాము. అక్షరాల పరిమాణం గురించి ఒక మాట చెప్పాలి. పెయింటరు నాలుగు భాషలూ ఇరికించడానికి కన్నడ, తెలుగు పంక్తులను ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకే కుదించాడు. గుడులు, కొమ్ములు, ఒత్తులు పైనా కిందా చోటు తీసుకునే లిపి అలా కుదిస్తే దూరానికి మొత్తం ఒక గీతలా కనిపిస్తుంది. రాతను రెండు చిన్న వాక్యాలకు తగ్గించి అక్షరాలు పెంచమన్నాము. "మందు కొట్టారు. ఆకు కోయకండి." అంతే.

ప్రతి బోర్డు అడుగున తెల్ల గడి ఒకటి వదిలి, మందు పేరు, కొట్టిన తేదీ, సమయం, ఫోను నంబరు మార్కరుతో రాశాము. మందు పేరు ఎందుకంటే, ఎవరికైనా వాంతులో కళ్లమంటలో వచ్చి ఆసుపత్రికి వెళితే వైద్యుడు మొదట అడిగేది అదే. తేదీ లేని బోర్డును నాలుగో రోజుకు జనం పాతదని వదిలేస్తారు. ఫోను నంబరు రాసినప్పుడు దాన్ని ఎత్తే మనిషి ఉండాలి. ఆ నంబరును నా దగ్గరే ఉంచుకున్నాను.

ఏ వస్తువుతో చేయించాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ బోర్డు నిలవడమే దాని మీద ఆధారపడింది. ఫ్లెక్సులను 2018లో నగరంలో నిషేధించారు, పైగా ఫ్లెక్సు పెడితే మరుసటి రోజుకు అది ఎవరి గుడిసె మీదో పట్టాగా మారుతుంది. ఇనుప రేకు గుజిరీకి పోతుంది. చివరకు పెయింటు వేసిన పల్చటి ప్లైవుడ్డును వెదురు బద్దకు బిగించి మట్టిలో పాతాము. దానికి అమ్మకపు విలువ లేదు కనుక అవి చాలావరకు ఎక్కడివక్కడే ఉన్నాయి. చెట్లకు మేకులు కొట్టలేదు, విద్యుత్ స్తంభాలకు కట్టలేదు. నడిచేవారి కంటికి అందేలా నడుము ఎత్తున, ప్రతి 25 మీటర్లకు ఒకటి, కూరాకు దట్టంగా ఉన్న చోట ఇంకా దగ్గరగా పాతాము. మందులో నీలి రంగు కలపడం వల్ల మరో మేలు జరిగింది. ఎక్కడ పడిందో పనివాడికి తెలిసి, కొట్టిన చోటే మళ్లీ కొట్టడం తగ్గింది, ఆకు మీద నీలి మరక చూసిన మనిషి బోర్డు చదవకపోయినా వెనకాడతాడు. అయితే వాన పడితే ఆ రంగు పోతుంది, కాబట్టి అది బోర్డుకు బదులు కాదు.

బోర్డు చేయలేని పనులు

గాలిలో కొట్టుకుపోయే తుంపరను ఏ బోర్డూ ఆపదు. టీ బండి, పూల బుట్టలు, బస్టాపు ఉన్న చోట్ల, మోరీ అంచున మందు కొట్టకుండా కొడవలితో, పారతో తీయించాము. అక్కడ వయ్యారిభామను పీకేవారికి మోచేతి దాకా గ్లవ్సులు ఇచ్చాము. మిగిలిన చోట్ల నాజిల్‌కు తొడుగు బిగించి, ఒత్తిడి తగ్గించి, పెద్ద చుక్కలు పడేలా కొట్టించాము.

వేళ విషయంలో చాలామందికి ఉన్న ఒక నమ్మకాన్ని ఇక్కడ ప్రస్తావించాలి. తెల్లవారుజామున గాలి కదలదు కనుక అదే మంచి సమయమని అంటారు. బెంగళూరు చలి ఉదయాల్లో నేల దగ్గరి గాలి చల్లబడి, పైన వెచ్చని పొర మూతలా పరుచుకుంటుంది. చెత్త తగలబెట్టిన పొగ పైకి పోకుండా అడ్డంగా సాగడం చూస్తే అది తెలుస్తుంది. అప్పుడు లేచిన సన్నని తుంపర కూడా అలాగే కిందనే తేలుతూ దూరం పోతుంది. పొగ కిందనే పరుచుకోకుండా పైకి లేచి, ఆకులు మెల్లగా కదిలే వేళ వచ్చేదాకా ఆగి, ఆఫీసుల రద్దీకి ముందే ముగించేవాళ్లం. ఆ మధ్య దొరికే సమయం చాలా తక్కువ. ఒక్కోసారి ఒకటి రెండు ముక్కలతోనే ఆపవలసి వచ్చింది.

ముందురోజు సాయంత్రం ఆవులున్న ఇళ్లకు, కాపలా గదులకు, బండ్ల దగ్గరకు మేస్త్రీ స్వయంగా వెళ్లి చెప్పి వచ్చేవాడు. బోర్డు చూసి ఆవును మళ్లించడం కంటే, ఆ ఉదయం ఆవును అటు తోలకుండా ఉండడం సులువు.

ఏం మారింది, ఏం మిగిలింది

మొదటి విడత తరువాత ఫోను మోగడం మొదలయింది. ఎక్కువగా ఆవులవాళ్లే, "ఎన్ని దినాలు ఆపాల?" అని. బోర్డు చదివి అర్థం చేసుకున్నారనడానికి నాకు అంతకంటే మంచి ఆధారం అక్కర్లేదు. కొనలు గిల్లే పెద్దావిడ మా మేస్త్రీని పిలిచి, మోరీ అవతలి గట్టున ఎప్పుడూ మందు కొట్టకుండా ఉంచగలరా అని అడిగింది. ఆ గట్టున వయ్యారిభామ తక్కువ, కూరాకు ఎక్కువ. యజమాని సంస్థతో మాట్లాడి ఆ భాగాన్ని చేతితో తీసే జాబితాలో చేర్పించాము. ఇది నాకు ఎంతో తృప్తినిచ్చిన మార్పు, ఎందుకంటే అక్కడ ఇక మందు బోర్డు అవసరమే లేదు.

వాహనాల వైపు, అడ్డరోడ్ల మొదట్లో త్రిభుజాలు పెట్టాక బండ్లు మలుపు దగ్గరే నెమ్మదించడం మేమంతా గమనించాము. ఎదురుగా వచ్చే డెలివరీ కుర్రాళ్ల విషయంలో అంత నమ్మకంగా చెప్పలేను. ఫోను తెర మీద దారి చూస్తూ వచ్చేవారికి బోర్డు కనబడదు. ఆ చివర కోన్ల వరుసను పొడిగించి, బోర్డుల మనిషినే అటు నిలబెట్టి, చేతిలో జెండా ఇచ్చాము.

డబ్బు విషయం ఇంకా తెగలేదు. ఇలాంటి ఒప్పందాలన్నీ చదరపు మీటరుకు ఇంత అని కొలిచి ఇచ్చేవే. బోర్డుల తయారీ, వాటిని జరిపే మనిషి కూలి, కలుపు వాడిపోయాక బోర్డులు పీకడానికి మళ్లీ రావడం, ఇవేవీ ఆ కొలతలో ఉండవు. ధర తగ్గించి పని దక్కించుకున్న గుత్తేదారు మొదట కోసేది వీటినే. అందుకే కొత్త అంచనాలో ఈ మూడింటినీ మూడు వేర్వేరు పద్దులుగా రాశాము. మొదటి రెండింటికి యజమాని సంస్థ ఒప్పుకుంది. మూడవదాన్ని, అంటే బోర్డులు తీయడానికి వచ్చే రాకపోకల ఖర్చును, పిచికారీ ధరలోనే కలిపేయమంటోంది. అలా కలిపితే పిచికారీ రోజునే బోర్డులు పీకేసినా బిల్లు పూర్తిగా పాసవుతుంది కనుక, తీసిన తేదీతో ఫోటో జతచేస్తేనే ఆ పద్దు చెల్లించాలన్న షరతుతో దాన్ని విడిగానే ఉంచి, సెప్టెంబరు విడతకు ప్రతిపాదన తిరిగి పంపాము.